మినీ షెల్‌కి మార్కులు వేసే ముందు ఒక్కసారి కంట్రోల్ సి నొక్కి చూడండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ విశాఖ ఎడిషన్‌లో ఇంజినీరింగ్ కాలేజీల ప్లేస్‌మెంట్లు, ప్యాకేజీలు, ఫీజుల గొడవలు అన్నీ వస్తుంటాయి గానీ ల్యాబ్‌లో కూర్చుని పిల్లలు అసలేం రాస్తున్నారు, దాన్ని ఎవరు ఎలా చూస్తున్నారు అన్నది ఎక్కడా రాదు, అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను రుషికొండలో లైనక్స్ సర్వర్ల పని చేస్తాను, పిలిస్తే మధురవాడ, గాజువాక వైపు కాలేజీల్లో ప్రాజెక్ట్ రివ్యూలకి వెళ్తుంటాను. ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబ్‌లో చాలామంది తీసుకునే ప్రాజెక్టు ఒకటుంది, సి భాషలో సొంతంగా ఒక చిన్న షెల్ (మినీ షెల్) రాయడం. అంటే టెర్మినల్ తెరిచాక మనం కొట్టే కమాండ్ తీసుకుని దాన్ని నడిపించే ప్రోగ్రామ్ అన్నమాట. యూనిక్స్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్‌కి మొదటి షెల్‌ని 1971లో కెన్ థాంప్సన్ రాశాడు, 1979లో బోర్న్ షెల్ వచ్చింది, ఇప్పుడు మనం వాడే బాష్ ఆ దారిలో వచ్చిందే. ప్రాజెక్టు చాలా మంచిది, దాని మీద నాకు ఏ కంప్లైంటూ లేదు. చూసే పద్ధతి మీదే నా బాధ.

రివ్యూలో ఏం జరుగుద్దంటే, స్టూడెంట్ ఎల్ఎస్ కొడతాడు, ఫైళ్ల లిస్టు వస్తుంది, డేట్ కొడతాడు, టైం వస్తుంది, సార్లు తలూపి మార్కులు వేసేస్తారు. ఎవరూ తప్పు కమాండ్ కొట్టరు, నడుస్తున్న ప్రోగ్రామ్‌ని ఆపే కంట్రోల్ సి ఎవరూ నొక్కరు. కానీ షెల్‌లో అసలు కష్టమంతా అక్కడే ఉంది కదండీ, ఫోర్క్ (నడుస్తున్న ప్రోగ్రామ్‌కి కాపీ తీసేది), ఎగ్జెక్ (ఆ కాపీలో కొత్త ప్రోగ్రామ్‌ని నడిపేది), వెయిట్ (అది అయ్యేదాకా ఆగేది) ఈ మూడూ కలిపి ఎల్ఎస్ నడిపించడం ఒక పూట పని, మిగతా రోజులన్నీ ఎర్రర్లకీ ఇంటరప్ట్‌లకీ పోవాలి.

ఒక్క ఉదాహరణ చెప్తాను. ఎల్ఎస్ అనబోయి ఎస్ఎల్ అని కొట్టారనుకోండి. షెల్ ఫోర్క్ చేస్తుంది, దాని కాపీ ఒకటి చైల్డ్‌గా పుడుతుంది, ఆ చైల్డ్ ఎగ్జెక్ పిలుస్తుంది, అలాంటి ప్రోగ్రామ్ లేదు కాబట్టి ఎగ్జెక్ ఫెయిలై మైనస్ ఒకటితో తిరిగొస్తుంది. ఇక్కడ చైల్డ్‌ని ఆపే లైను పెట్టకపోతే ఆ చైల్డ్ కిందికి జారి మళ్లీ షెల్ లూప్‌లోకి వచ్చి ప్రాంప్ట్, అంటే కమాండ్ కొట్టమనే గుర్తు చూపించి కూర్చుంటుంది, అసలు షెల్ దాని కోసం వెయిట్‌లో ఉంటుంది. చూసేవాళ్లకి ఏ తేడా తెలీదు. చివర్లో ఎగ్జిట్ కొడితే షెల్ పోదు, మళ్లీ కొట్టాలి, మధ్యలో ఎన్నిసార్లు స్పెల్లింగ్ తప్పు కొట్టారో అన్నిసార్లు అదనంగా ఎగ్జిట్ కొట్టాలి! రివ్యూలో ఇది నేను చేసి చూపిస్తే పిల్లలు బిత్తరపోతారు, ఎందుకంటే వాళ్లు ఎప్పుడూ తప్పు కమాండ్ కొట్టి చూడలేదు. చేయాల్సిందల్లా ఎగ్జెక్ తర్వాత లైన్లో ఎర్రర్ ప్రింట్ చేసి, 127 కోడ్‌తో అండర్‌స్కోర్ ఎగ్జిట్ (_exit) పిలవడం. మామూలు ఎగ్జిట్ ఎందుకు కాదంటే, అది పేరెంట్ నుంచి కాపీ అయి వచ్చిన బఫర్‌ని, అంటే ఇంకా ప్రింట్ కాకుండా ఆగి ఉన్న అవుట్‌పుట్‌ని కూడా బయటికి తోసేస్తుంది, అవుట్‌పుట్‌ని ఫైల్లోకి మళ్లిస్తే ఒకే లైను రెండుసార్లు పడొచ్చు. 127 అంటే కమాండ్ దొరకలేదు, 126 అంటే దొరికింది గానీ నడపడానికి కుదరలేదు, కంట్రోల్ సి తో చచ్చిపోతే 128 కి కంట్రోల్ సి పంపే సిగ్నల్ (ప్రోగ్రామ్‌కి బయటి నుంచి వచ్చే సందేశం) నంబర్ 2 కలిపి 130. ఈ నంబర్లు అలంకారానికి కాదు, రాత్రిపూట సర్వర్లో నడిచే స్క్రిప్టులు ఈ నంబర్ చూసే ముందుకెళ్లాలా ఆగాలా అని నిర్ణయించుకుంటాయి.

ఇక కంట్రోల్ సి. అది నొక్కగానే టెర్మినల్ ముందువైపు నడుస్తున్న గ్రూపు మొత్తానికి సిగ్నల్ పంపిస్తుంది, ఒక్క ప్రోగ్రామ్‌కి కాదు. ఏమీ చేయకపోతే కమాండ్‌తో పాటు షెల్ కూడా చచ్చిపోతుంది. దీనికి ఎక్కువమంది రాసే మందు, షెల్ మొదట్లోనే ఆ సిగ్నల్‌ని ఇగ్నోర్ చేసేయడం. షెల్ బతుకుతుంది, నిజమే, కానీ ఇగ్నోర్ అన్నది ఫోర్క్‌లోనూ ఎగ్జెక్‌లోనూ తల్లి నుంచి బిడ్డకి అలాగే వెళ్లిపోద్ది, అప్పుడు స్లీప్ 100 అని కొట్టి కంట్రోల్ సి ఎంత నొక్కినా ఆగదు, వంద సెకన్లూ కూర్చోవాల్సిందే. అందుకే చైల్డ్‌లో ఎగ్జెక్‌కి ముందు ఆ సిగ్నల్‌ని మళ్లీ డిఫాల్ట్‌కి పెట్టాలి. సిగ్నల్ వస్తే నడిచే హ్యాండ్లర్ ఫంక్షన్ పెట్టుకుంటే మాత్రం ఈ బాధ లేదు, ఎగ్జెక్ అయినప్పుడు అది దానంతటదే డిఫాల్ట్‌కి పోతుంది.

హ్యాండ్లర్‌లో ప్రింట్‌ఎఫ్ (తెర మీద రాసే ఫంక్షన్) పెట్టేవాళ్లు చాలామంది ఉన్నారు, ఇది మాత్రం దయచేసి నేర్పొద్దండి. సిగ్నల్ ఎప్పుడైనా రావచ్చు, మెమరీ తీసుకునే మాలోక్ మధ్యలో ఉన్నప్పుడో ఇంకో ప్రింట్‌ఎఫ్ సగంలో ఉన్నప్పుడో వచ్చిందంటే ప్రోగ్రామ్ అక్కడే బిగుసుకుపోవచ్చు, అది కూడా డెమోలో రాదు, ఎప్పుడో ఒకసారి వస్తుంది, అప్పుడు పట్టుకోవడం చాలా కష్టం. హ్యాండ్లర్‌లో ఒక ఫ్లాగ్ (సిగ్నల్ వచ్చిందని గుర్తుపెట్టే వేరియబుల్) పెట్టి వచ్చేయాలి, మరీ ఏదైనా రాయాలంటే రైట్ కాల్ ఒకటి వాడొచ్చు. ఇంకోటి, సిగ్నల్ వచ్చినప్పుడు ఇన్‌పుట్ చదువుతున్న కాల్ మధ్యలో తెగి మైనస్ ఒకటి ఇవ్వొచ్చు, అప్పుడు ఎర్రర్ కారణం చెప్పే ఎర్‌నోలో ఈ-ఇంటర్ (EINTR, సిగ్నల్ వల్ల తెగిందని) అని ఉంటుంది. దాన్ని చూడకుండా ఇన్‌పుట్ అయిపోయింది, యూజర్ కంట్రోల్ డి కొట్టాడు అనుకుని షెల్‌ని మూసేసే కోడ్ నేను చాలా చూశాను. చైల్డ్ కోసం ఆగే వెయిట్‌పిఐడి కూడా అంతే, తెగితే మళ్లీ పిలవాలి, లేకపోతే జాంబీలు, అంటే అయిపోయినా లిస్టులోంచి పోని ప్రాసెస్‌లు మిగులుతాయి. హ్యాండ్లర్ పెట్టడానికి సిగ్నల్ ఫంక్షన్ బదులు సిగ్‌యాక్షన్ వాడితే తెగిన కాల్ మళ్లీ మొదలవ్వాలా వద్దా అన్నది మనమే చెప్పొచ్చు, పాత సిగ్నల్ ఫంక్షన్ ఒక్కో యూనిక్స్‌లో ఒక్కోలా ఉండేది.

ప్రాసెస్ గ్రూపులు, టెర్మినల్‌ని చైల్డ్ గ్రూపుకి అప్పగించి తిరిగి తీసుకోవడం ఇదంతా ఒక సెమిస్టర్‌లో అందరికీ కుదరదు, అది అడగను.

తప్పు పిల్లలది అని నేను అనను. మొదటి సంవత్సరం సి క్లాసు నుంచీ ఏ ఫంక్షన్ ఏం తిరిగిచ్చిందో చూడమని చెప్పేవాళ్లు తక్కువ, మాలోక్ పిలుస్తారు, నల్ (మెమరీ దొరకలేదని అర్థం) వచ్చిందా అని చూడరు, ఫైల్ తెరుస్తారు, తెరుచుకుందా అని చూడరు, అవుట్‌పుట్ వస్తే రికార్డు మీద సంతకం అయిపోద్ది. మార్కు ఎక్కడ పడుద్దో పిల్లలు అక్కడే కష్టపడతారు, అది వాళ్ల తప్పెలా అవుద్ది?

అందుకని మన విశాఖ కాలేజీల ల్యాబ్ సార్లకీ మేడమ్‌లకీ మీ పేపర్ ద్వారా నా రిక్వెస్టు. ఈసారి ఈ ప్రాజెక్టు చూసేటప్పుడు ఎల్ఎస్ వాళ్లనే కొట్టనివ్వండి, కీబోర్డు తర్వాత మీరు తీసుకోండి. లేని కమాండ్ ఒకటి కొట్టి వెంటనే ఎగ్జిట్ కొట్టండి, ఫోల్డర్ మారే సిడి కమాండ్‌ని లేని ఫోల్డర్‌కి కొట్టండి, ఖాళీగా ఎంటర్ నొక్కండి, స్లీప్ నడుస్తుండగా కంట్రోల్ సి నొక్కండి, ప్రాంప్ట్ దగ్గర ఒకసారి నొక్కండి, చివర్లో కంట్రోల్ డి. ఐదు నిమిషాల పని. వీటికి సగం మార్కులు ఉన్నాయని సెమిస్టర్ మొదట్లోనే చెప్పేయండి. మీ ఎడ్యుకేషన్ పేజీలో కూడా ఇలాంటి సంగతులకి వారానికి ఒక కాలమ్ ఇస్తే బాగుంటుంది, ఆ కాలమ్‌కి రాసిచ్చే పని నేను చేస్తాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
మద్దిలపాలెం, విశాఖపట్నం