వినడానికి కూడా విమానమెక్కాలా?

సంపాదకుల వారికి,

గత ఆదివారం మీ అమెరికా పేజీలో, మనిషిని దేశంలో ఉంచాలా పంపేయాలా అని తేల్చే ఇమ్మిగ్రేషన్ కోర్టు మీద వచ్చిన వార్త గురించి రాస్తున్నాను. వారం ఆలస్యమైంది. ఆ రోజే కూర్చుని ఉంటే మీరు అచ్చు వేయలేని మాటలు పడేవి.

‘రహస్య విచారణ’ అని శీర్షిక పెట్టారు. రహస్యమేమీ కాదండీ, కోర్టు తలుపులు బార్లా తెరిచే ఉన్నాయి. ఆ తలుపు దాకా మామూలు మనిషి వెళ్లలేకపోవడమే అసలు గొడవ. దాని గురించి మీ వార్తలో ఒక్క ముక్క లేదు.

మాకు తెలిసిన కుర్రాడొకడున్నాడు, వివరాలు వద్దు. న్యూజెర్సీలో చదువుకుంటున్నవాణ్ణి అదుపులోకి తీసుకుని, వారం తిరక్కుండా టెక్సాస్‌లో డిటెన్షన్ సెంటర్‌కి తెచ్చి పడేశారు. విచారణ రోజున వాడు ఆ సెంటర్లోంచి వీడియోలో కనిపించాడు. జడ్జి ఇంకో ఊళ్లో. మన లాయరు తన ఆఫీసులో ల్యాప్‌టాప్ ముందు, ప్రభుత్వ లాయరు తన ల్యాప్‌టాప్ ముందు. తెలుగు దుబాసీ గొంతు ఫోన్లోంచి, ఏ ఊరి నుంచో దేవుడికెరుక. అందరికీ వీడియో ఉంది. బయటివాళ్లం వింటామని అడిగితే మాత్రం ‘స్వయంగా రండి’ అన్నారు. ఎక్కడికి రావాలి మహాప్రభో, అక్కడ ఉన్నదెవరు?

ఆ రాత్రి వాళ్లమ్మ ఖమ్మంలో పన్నెండు దాటేదాకా ఫోన్ ఛార్జింగ్‌కి పెట్టుకుని దాని పక్కనే కూర్చుంది. మాట్లాడక్కర్లేదు, వాడి గొంతు వినిపిస్తే చాలంది. చివరికి లాయరు దగ్గర్నుంచి వచ్చింది ఒక్క మెసేజ్: ‘వాయిదా పడింది, డేట్ తర్వాత చెప్తాను.’ ఎందుకు పడింది, వాడేమన్నాడు, జడ్జి ఏమన్నారు? ఏమీ లేదు. ఆవిడని స్వయంగా రమ్మంటే ముందు వీసా కావాలి కదా! వీసా గొడవ మీద నడిచే కేసు వినడానికి ఇంకో వీసా!

కుర్రాణ్ణి నిర్బంధించడం చట్టబద్ధమేనా అని ఫెడరల్ కోర్టులో వేసిన హెబియస్ పిటిషన్ సంగతి ఇంకా చోద్యం. ఫెడరల్ కోర్టుల సివిల్ ప్రొసీజర్ నిబంధన 5.2(సి) అని ఒకటుంది, 2007 నుంచీ అమల్లో ఉంది. ఇమ్మిగ్రేషన్ కేసుల ఫైళ్లు పార్టీలూ వాళ్ల లాయర్లూ తప్ప ఇతరులు ఆన్‌లైన్‌లో చూడకూడదు, చూడాలంటే కోర్టుకే వెళ్లాలి. సున్నితమైన వివరాలుంటాయట. సరే, మూడు గంటలు కారు నడుపుకుంటూ వెళ్లాను. గేటు దగ్గరే ఫోన్ తీసేసుకున్నారు. పెన్ను తీసుకెళ్లడం మర్చిపోయాను. క్లర్కు జాలిపడి పెన్సిల్ ముక్క ఇచ్చింది. మూలనున్న కంప్యూటర్ ముందు కూర్చుని ప్రభుత్వం వేసిన అఫిడవిట్‌ని ఎగ్జామ్‌లో కాపీ కొట్టేవాడిలా కవరు వెనక రాసుకున్నాను. చేతులు నొప్పెట్టాక, పేజీకి పది సెంట్లు పోసి మిగతాది ప్రింట్ తీయించుకున్నాను.

అసలు తమాషా ఇంటికొచ్చాక తెలిసింది. ఆ నిబంధన కోర్టు ఉత్తర్వులకి వర్తించదు, అవి ఆన్‌లైన్‌లో ఎవరైనా చూడొచ్చు. కుర్రాడి పేరు కొడితే ఇంటిపేరుతో సహా వచ్చింది. వాడి వీసా చరిత్ర, చదువు ఎందుకు ఆగింది, వాడు వేసుకునే మందులు, అంతా అందులోనే. ఇలాంటి ఉత్తర్వుల్లో పూర్తి పేరు వద్దు, ఇంటిపేరుకి ఒక అక్షరం చాలని, ఫెడరల్ కోర్టులకి విధానాలు నిర్ణయించే జుడీషియల్ కాన్ఫరెన్స్ కమిటీ 2018లోనే కోర్టులకి సూచించింది. సూచనే కదా, పాటించేవాళ్లు పాటిస్తారు. అంటే కుర్రాడి కష్టాలు లోకమంతా చదవొచ్చు, ప్రభుత్వం వాడి మీద ఏం రాసిందో చూడాలంటే మాత్రం మూడు గంటలు డ్రైవ్ చేయాలి. ఈ గోప్యత ఎవరి కోసమండీ?

ఆశ్రయం కోరినవాళ్ల సంగతి వేరు, ఒప్పుకుంటాను. వాళ్ల మాట బయటికొస్తే స్వదేశంలో ఉన్న వాళ్లవాళ్ల ప్రాణం మీదికొస్తుంది. అలాంటి విచారణని మూసేయడానికి నిబంధనలున్నాయి, మూసేయండి, నేనే తలుపేస్తాను. కానీ సాక్షి లేడు, వాంగ్మూలం లేదు, ఇద్దరు లాయర్లు చట్టం మీద వాదించుకుంటుంటే అందులో దాచాల్సిందేముంది? అలాంటి సివిల్ విచారణలకి జనం వినేలా ఆడియో ఇవ్వొచ్చని 2023 సెప్టెంబర్‌లో జుడీషియల్ కాన్ఫరెన్సే ఫెడరల్ జడ్జీలకి వెసులుబాటిచ్చింది. సుప్రీంకోర్టు 2020 మే నుంచీ తన వాదనలు లైవ్‌లో వినిపిస్తోంది. పేరు దాచాలంటే, 2025 వసంతంలో ప్రభుత్వం విదేశీ విద్యార్థుల రికార్డులు రద్దు చేసినప్పుడు పిల్లలు ‘జాన్ డో’ అనే మారుపేరుతో కేసులేయలేదా? దారులున్నాయి. మనసే లేదు.

ఇమ్మిగ్రేషన్ జడ్జీలైతే న్యాయశాఖ ఉద్యోగులే. ఎదుట వాదించే లాయరు హోంల్యాండ్ సెక్యూరిటీ ఉద్యోగి. ఇద్దరికీ జీతం ఒకే ఖజానా నుంచి. కుర్రాడికి లాయరు కావాలంటే సొంత డబ్బు. 30 లక్షలకు పైగా కేసులు పేరుకుపోయి ఉన్నాయి. ఇలాంటి చోట పక్కన కూర్చుని వినేవాడు ఒక్కడైనా ఉండాలా వద్దా? 2025 ఏప్రిల్‌లో లూసియానాలోని జీనా ఇమ్మిగ్రేషన్ కోర్టులో, పాలస్తీనా అనుకూల నిరసనల్లో ముందున్న కొలంబియా యూనివర్సిటీ విద్యార్థి మహమూద్ ఖలీల్ కేసు వినడానికి వందలమంది ఆన్‌లైన్‌లో పడిగాపులు కాశారు. జనానికి ఆసక్తి లేదని ఇక ఎవరూ అనలేరు.

వినే వీల్లేకపోతే ఏమవుతుందో మనకి కొత్త కాదు. 2019లో ఫార్మింగ్టన్ పేరుతో మిషిగన్‌లో ప్రభుత్వమే దొంగ యూనివర్సిటీ నడిపి మన పిల్లల్ని పట్టుకున్నప్పుడు నిజం కంటే ముందు వాట్సాప్ ఫార్వర్డ్‌లే వచ్చాయి. ‘అందర్నీ జైల్లో వేస్తారట’ అని ఒకడు, ‘మా బావకి తెలిసిన అటార్నీ ఉన్నాడు, డబ్బు పంపండి’ అని ఇంకొకడు. మన సంఘాల పెద్దలు మహాసభల్లో శాలువాలు కప్పించుకోవడంలో చూపే శ్రద్ధలో పదో వంతు ఈ కోర్టులకి ఒక ఉత్తరం రాయడంలో చూపిస్తే బాగుండును. మీరైనా మీ విలేకరిని ఒక్కసారి ఆ గదికి పంపండి. వెళ్లేముందు పెన్ను పెట్టుకోమనండి.

ఈ ఉత్తరం వేస్తే నా పేరు మాత్రం వేయొద్దు. నా గ్రీన్‌కార్డు ఫైలు ఇంకా పెండింగ్‌లోనే ఉంది.

– ఒక పాఠకుడు, టెక్సాస్