ఆ విన్యాసాలు గ్రాఫిక్స్ కావు, లోపం మరోచోట ఉంది

సంపాదకులకు నమస్కారం.

‘మిషన్ ఇంపాసిబుల్’ ఎనిమిదో సినిమా 2025 మే నెలలో తెలుగులో కూడా వచ్చింది. దాని గురించి మాట వచ్చినప్పుడల్లా అమలాపురం నుంచి నరసాపురం దాకా టీ కొట్ల దగ్గర వినిపించే మాట ఒకటే: ‘అదంతా గ్రాఫిక్సే కదండీ!’ ఈ మాట తప్పని చెప్పడానికే ఈ ఉత్తరం. ఆ సినిమాల్లో లోపాలు లేవని కాదు, ఉన్నాయి. కానీ జనం వేలు పెట్టి చూపిస్తున్న చోట మాత్రం లేవు.

2018లో వచ్చిన ఆరో సినిమాలో హీరో టామ్ క్రూజ్ విమానం నుంచి దూకే ఘట్టాన్నే చూడండి. అది 25 వేల అడుగుల ఎత్తు. అక్కడ ఆక్సిజన్ చాలదు. అంతేకాదు, ఒంట్లో ఉన్న నైట్రోజన్ బుడగలు కట్టి ప్రాణం మీదికి తెస్తుంది. అందుకే ఎక్కే ముందు స్వచ్ఛమైన ఆక్సిజన్ పీల్చి నైట్రోజన్‌ను బయటికి పంపేయాలి. కెమెరామన్ కూడా హెల్మెట్‌కు కెమెరా బిగించుకుని ఆయనతో పాటే దూకాడు. సంధ్యవెలుగు ఉండేది రెండు మూడు నిమిషాలే, కాబట్టి ఆ షాట్‌కు రోజుకు ఒక్క అవకాశమే. మొత్తం 106 సార్లు దూకారు. కథలో అది పారిస్ అయినా, దూకింది అరబ్ ఎమిరేట్స్ ఆకాశంలో. కింద కనిపించే నగర దీపాలు, మెరుపులు కంప్యూటర్‌లో చేర్చినవే. నార్వేలో మోటారు సైకిల్‌తో కొండ మీంచి దూకిన 2023 నాటి ఏడో సినిమా ఘట్టంలోనూ అంతే. బండి పరుగెత్తిన ర్యాంప్‌ను రాళ్ల బొమ్మతో కప్పేశారు. బండి వదిలి లోయలోకి పడిపోయి, పారాచూట్ విప్పుకున్నది మాత్రం ఆయనే. అదీ మొదటి రోజే ఆరుసార్లు. గ్రాఫిక్స్ చేసిన పని తాళ్లు చెరపడం, ర్యాంప్ దాచడం. పడే మనిషిని అవి సృష్టించలేదు.

ఈ తేడా మన ప్రాంతం వాళ్లకు ఎవరో విడమరిచి చెప్పాలా? కనుమ రోజు జగ్గన్నతోట తీర్థానికి భుజాల మీద మోసుకెళ్లే దేవుడి ప్రభలు కౌశిక నది దాటే వేళ గట్టు మీద నిలబడి చూడండి. వెదురు గడలు, రంగుబట్టలు, ఆ ఎత్తు, భుజాలు మార్చుకుంటూ పీకల్లోతు నీళ్లలో కుర్రాళ్లు. ఎవడి కాలు జారినా ప్రభ ఒరుగుతుందని చూసే ప్రతివాడికీ తెలుసు. అందుకే ఊపిరి బిగబట్టి చూస్తారు. ప్రమాదం ఏమిటో, ఎంతో చూసేవాడికి ముందే తెలియాలి. ఉత్కంఠ అంతా అందులోనే ఉంది.

1996 నాటి మొదటి సినిమా ఈ లెక్కను చక్కగా పట్టుకుంది. కంప్యూటర్ గదిలో నేల మీద బరువు పడితే అలారం. చిన్న శబ్దమైనా అలారం. మనిషి ఒంటి వేడికి గది కాస్త వేడెక్కినా అలారం. ఈ మూడూ ముందే చెప్పి, ఆ తర్వాత హీరోని కప్పు నుంచి తాడుతో దించాడు దర్శకుడు బ్రయాన్ డి పాల్మా. సంగీతం లేదు. కళ్లద్దాల మీంచి జారిన ఒక్క చెమటబొట్టు నేలను తాకబోతే అరచెయ్యి చాపి పట్టుకుంటాడు. హాలంతా బిగుసుకుపోయేది ఆ బొట్టు కోసం. షూటింగ్‌లో తాడు దింపిన ప్రతిసారీ తల బరువుకు ముందుకు ఒరిగి నేలకు కొట్టుకుంటుంటే, బూట్లలో నాణేలు వేసుకుని బరువు సరిచేసుకున్నానని క్రూజ్ తర్వాత చెప్పారు. కోట్ల ఖర్చుతో తీసిన సినిమాకు బ్యాలెన్స్ కుదిర్చింది చిల్లర నాణేలు!

ఇక లోపం సంగతి. చివరి రెండు సినిమాల్లో శత్రువు ‘ఎంటిటీ’ అనే కృత్రిమ మేధ. హీరో బలమంతా ఒంట్లో ఉంది, శత్రువుకేమో ఒళ్లే లేదు. పరుగెత్తి పట్టుకోలేడు, కొట్టలేడు. దాంతో అది ఎంత ప్రమాదమో పాత్రలన్నీ వంతులవారీగా చెప్పుకుంటూ కూర్చోవాల్సి వచ్చింది. దాదాపు 170 నిమిషాల ఎనిమిదో సినిమాలో మొదటి గంట ఈ వివరణలకూ పాత సినిమాల ముక్కలకూ సరిపోయింది. 2006 నాటి మూడో సినిమాలో అందరూ వెంటపడే ‘ర్యాబిట్స్ ఫుట్’ అనే వస్తువు ఏమిటో చివరిదాకా చెప్పలేదు. అది అలా ఉండటమే అందం. దాదాపు ఇరవై ఏళ్ల తర్వాత ఎనిమిదో సినిమాలో దాన్ని తెచ్చి ఎంటిటీకి ముడిపెట్టడం అనవసరం. అదే మూడో సినిమాలో ఫిలిప్ సీమూర్ హాఫ్‌మన్ విలన్‌గా చేశారు. గొంతు పెద్దగా పెంచకుండానే తుపాకీ పట్టుకుని పది దాకా లెక్కపెడితే చాలు, వణుకు పుట్టింది. అలాంటి మనిషి ఆ తర్వాత మళ్లీ దొరకలేదు. రెండు సినిమాల పాటు హీరోకి దీటుగా నిలిచిన గూఢచారి ఇల్సా పాత్రను ఏడో సినిమాలో వెనిస్ వంతెన మీద చంపేసి, ఏడవడానికి కూడా తీరిక ఇవ్వకుండా కథ రైలెక్కేసింది. ఇది మాత్రం క్షమించలేం.

అయినా అదే ఎనిమిదో సినిమాలో మునిగిన జలాంతర్గామి లోపలి ఘట్టం మాటలు లేకుండా సాగుతుంది. ఈ వరుస మొత్తంలో గొప్ప ఘట్టాల్లో అదొకటి.

మన థియేటర్ల వారికి రెండు విన్నపాలు. తెలుగు సినిమాకు విశ్రాంతి కథలోనే రాసుకుంటారు, ఇలాంటి వాటికి ఉండదు. నిడివిని సరిగ్గా సగానికి కోస్తే ఊపిరి బిగబట్టిన చోటే లైట్లు వెలుగుతాయి. ఆపరేటర్ సినిమా ఆడించే సర్వర్‌లో విరామం గుర్తు పెట్టే ముందు మధ్యబిందువుకు అటూ ఇటూ పది నిమిషాలు వేసి చూసుకుని, సన్నివేశం ముగిసే చోట పెడితే చాలు. రెండోది శబ్దం. హాలు శబ్దాన్ని నడిపే సౌండ్ ప్రాసెసర్‌లో 7 అంటే, సినిమా శబ్దాలు కలిపిన మిక్సింగ్ గదిలో ఉంచిన స్థాయి. చెవులు గింగురుమంటున్నాయని ఎవరో అన్నారని 4కు దించేస్తే పేలుళ్లు ఎలాగూ వినిపిస్తాయి, చిన్న చప్పుళ్లే ఏసీ హోరులో కలిసిపోతాయి. ఫిర్యాదు వస్తే ఒక్కో అర పాయింటు తగ్గిస్తూ, చివరి వరుసలో కూర్చుని గుసగుస మాటలు వినపడుతున్నాయో లేదో చూసుకుని అక్కడ ఆపండి.

ఇట్లు,
కొందరు సినిమా ప్రియులు,
కోనసీమ