ముగ్గుపిండి గుర్తుల వెంట పబ్బు దాకా

సంపాదకులకు నమస్కారం.

చలికాలం వస్తే బెంగళూరు పబ్బుల మీద ఒక వ్యాసం రావడం మామూలే, ఈసారీ మీ పేజీలో వచ్చింది. పైన రంగు దీపాల ఫోటో, కింద తెలుగు కుర్రకారు పాడైపోతోందన్న బాధ. ఏటా చదివేదే కదా అని పేజీ తిప్పేసేదాన్నే, కానీ మధ్యలో ఒకచోట షూలు కట్టుకుని పరుగెత్తుకుంటూ వచ్చి మరీ తాగేవాళ్లు తయారయ్యారని, ఆరోగ్యం పేరు చెప్పి వేసే కొత్త వేషం ఇదని రాశారు చూడండి, ఆ వేషం వేసేవాళ్లలో నేనూ ఉన్నాను. కుర్రదాన్ని కాదు. నలభై దాటాయి, మాది హిందూపురం, ఉండేది కె.ఆర్.పురంలో, పెద్దోడు పీయూసీ చదువుతున్నాడు. మాతో వచ్చేవాళ్లలో పాత ఆఫీసు స్నేహితులు, మా అపార్ట్‌మెంటు వాళ్లు, ఆదోని నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ అక్కాచెల్లెళ్లు, బ్యాంకులో రిటైరైన నెల్లూరు అన్నయ్య ఒకాయన ఉన్నారు. ఆయన్ని కుర్రకారులో కలిపినందుకు మాత్రం మీకు థ్యాంక్స్ చెప్పమన్నాడు.

ఇందులో మేమేం చేస్తామో చెప్తే గానీ గొడవ తేలదు. డిసెంబరు, జనవరిలో శనివారం సాయంత్రం కబ్బన్ పార్కు మూల మీద, విక్టోరియా రాణి విగ్రహం దగ్గర కలుస్తాం. ఒకరు ముందే బయల్దేరి దారి పొడవునా ముగ్గుపిండితో బాణాలు, చుక్కలు వేసుకుంటూ పోతారు. కాసేపాగి మిగతావాళ్లం ఆ గుర్తులు వెతుక్కుంటూ వెనక పరుగెత్తాలి. వాటిలో దొంగ గుర్తులు కూడా ఉంటాయి, వాటిని నమ్ముకుని పోతే చివర గోడో, మూసిన గేటో వస్తుంది. ఈ ఆటలో కిటుకంతా అక్కడే ఉంది, ఎందుకంటే జోరుగా పరుగెత్తేవాళ్లు ముందు పోయి ఆ దొంగదారిలో పడతారు, వాళ్లు తిట్టుకుంటూ వెనక్కి వచ్చేలోపు నాలాంటి నిదానస్తులు వెళ్లి కలుస్తారు, దాంతో ఎవరు ఎంత వేగంగా పరుగెత్తినా చివరికి అందరం ఇంచుమించు ఒకేసారి పబ్బు ముందు తేలతాం. బియ్యప్పిండే వాడాలి, రాతిపిండి వద్దు అనేది మా నియమం. బియ్యప్పిండైతే తెల్లారేసరికి చీమలు తినేస్తాయి, ఊడ్చేవాళ్లకు మా వల్ల పని పెరగదు. ఒకసారి కస్తూర్బా రోడ్డులో నేను వంగి బాణం గీస్తుంటే అక్కడి వాచ్‌మన్, మదనపల్లె మనిషిలెండి, ధనుర్మాసం ముగ్గు పొద్దున కదా వేసేది, సందెవేళ ఏందమ్మా ఇది అని అడిగాడు. చెప్పాను. ఇంత దూరం పరుగెత్తి తాగేదేందమ్మా, ఆటోలో పోతే పోలా అన్నాడు. మీ వ్యాసం కంటే అదే సూటిగా ఉంది.

ఇది మేం కనిపెట్టిందీ కాదు, కొత్తదీ కాదు. 1938లో కౌలాలంపూర్‌లో ఆల్బర్ట్ గిస్పర్ట్ అనే బ్రిటిష్ ఉద్యోగి, తోటి ఉద్యోగులూ కలిసి మొదలుపెట్టారు. అప్పట్లో కాగితం ముక్కలు చల్లుకుంటూ పోయేవాళ్లు. వాళ్లు భోజనం చేసే చోట తిండి బాగుండక దానికి వెటకారంగా పెట్టుకున్న పేరునే క్లబ్బుకు తగిలించి హాష్ హౌస్ హ్యారియర్స్ అన్నారు. గిస్పర్ట్ 1942లో సింగపూర్ యుద్ధంలో చనిపోయాడు. యుద్ధం అయ్యాక మిగిలినవాళ్లు మళ్లీ మొదలుపెట్టి, 1950లో సంఘాన్ని రిజిస్టర్ చేయాల్సి వచ్చినప్పుడు ఆశయాలు రాసిచ్చారు. సభ్యులకు వ్యాయామం, వారాంతపు తాగుడు తాలూకు హ్యాంగోవర్ వదిలించుకోవడం, బాగా దాహం పుట్టించుకుని దాన్ని బీరుతో తీర్చుకోవడం, వయసు మళ్లిన సభ్యులకు మీరు అనుకుంటున్నంత ముసలివాళ్లు కాదని నచ్చజెప్పడం. సర్కారుకిచ్చే కాగితంలో ఇంత నిజం రాసిన సంఘం ఇంకోటి ఉంటే చూపించండి. నాలుగో ఆశయం మా నెల్లూరు అన్నయ్యకు నోటికొచ్చు.

ఇక మా దారి. పార్కులో హైకోర్టు ఎర్ర భవనం పక్కగా పోయి, 1915లో కట్టిన శేషాద్రి అయ్యర్ హాలు చుట్టి, వెదురు పొదల వైపు తిరిగి, కస్తూర్బా రోడ్డు మీదుగా సెయింట్ మార్క్స్ రోడ్డు, అక్కణ్నుంచి చర్చ్ స్ట్రీట్. మొత్తం ఐదారు కిలోమీటర్లు. ఈ దారే ఎందుకంటే సెయింట్ మార్క్స్ రోడ్డును టెండర్‌ష్యూర్ పథకం కింద బాగు చేసినప్పుడు నలుగురు పక్కపక్కన నడిచేంత ఫుట్‌పాత్ వేశారు, చర్చ్ స్ట్రీట్‌కు 2018లో రాళ్లు పరిచారు. మిగతా ఊళ్లో ఫుట్‌పాత్ మీద పరుగెత్తడమంటే పలకల మధ్య కాలు ఇరుక్కోకుండా దూకడమే. సముద్రమట్టానికి తొమ్మిది వందల మీటర్ల పైన ఉన్న ఊరు కాబట్టి డిసెంబరులో సాయంత్రం ఆరయ్యేసరికి పొద్దుగూకి చలి మొదలవుతుంది. మా హిందూపురంలోనూ చలి ఉంటుంది గానీ, అక్కడ చీకటి పడ్డాక రోడ్డు మీద పరుగెత్తే ఆడదాన్ని చూస్తే వెనకాల ఏదో తరుముతోందనుకుంటారు. నిజం చెప్పాలంటే ఇక్కడ కూడా ఏడు దాటాక ఒంటరిగా పరుగెత్తను, ఈ పది పదిహేను మంది ఉన్నారనే ధైర్యంతోనే పరుగెత్తుతున్నాను. మీ వ్యాసంలో ఆడవాళ్ల గురించి రాసిన రెండు వాక్యాలూ బట్టల మీదే ఉన్నాయి కాబట్టి ఈ ముక్క చెప్పాలనిపించింది.

తాగుడు దగ్గరికి వద్దాం. పరుగెత్తాక బీరు తాగితే ఒంటికి మంచిదని మాలో ఎవరూ అనరు. చెమట పోయిన ఒంటికి కావాల్సింది నీళ్లు, బీరు తాగితే ఉన్న నీళ్లు కూడా ఒంటేలుగా పోతాయి. చలిలో తాగితే వెచ్చగా అనిపిస్తుంది కదా, అది చర్మం కింద రక్తనాళాలు వెడల్పవడం వల్ల కలిగే భ్రమ, లోపలి వేడి నిజానికి బయటికి పోతూ ఉంటుంది, పైగా తడి టీషర్టు. అందుకని పబ్బులోకి పోయే ముందే పొడి బట్టలు, స్వెటర్లు, ఒక్కొక్కరికి ఒక సీసా నీళ్లు. ఖాళీ కడుపుతో ఎవరూ కూర్చోకూడదని ఆదోని అక్కావాళ్లు డబ్బా నిండా అనపగింజల గుగ్గిళ్లు తెస్తారు, ఇది అనపకాయల కాలం కదా. పబ్బులోకి బయటి తిండి రానివ్వరు కాబట్టి ఫుట్‌పాత్ మీదే నిలబడి తింటాం. ఆ గుగ్గిళ్ల కోసమే వచ్చేవాళ్లున్నారని నాకు గట్టి అనుమానం. లోపలికి పోయాక కాంగ్రెస్ కడ్లేకాయి ఎలాగూ ఉంటుంది, కరివేపాకు, కారం పట్టించిన ఆ వేరుశనగ బద్దలు తినని మనిషి బెంగళూరు చూడనట్టే.

అందరూ తాగుతారా అంటే, లేదు. నేను ఒక గ్లాసు గోధుమ బీరు తాగుతాను, ఆ తర్వాత లెమన్ సోడా. అన్నయ్య అసలు ముట్టడు, మాట్లాడతాడు, అది చాలు. కార్తీకం వెళ్లేదాకా నలుగురైదుగురు నిమ్మరసం వాళ్లే. అయ్యప్ప మాల వేసుకున్న తమ్ముడొకడు ఉన్నాడు, దీక్షలో కాళ్లకు చెప్పులు కూడా ఉండకూడదు కాబట్టి పరుగు లేదు, అయినా వస్తాడు. మా సంచులన్నీ దగ్గర పెట్టుకుని పార్కులో కూర్చుంటాడు, మేం తిరిగి పార్కు బయటికి వచ్చేటప్పుడు ఎవరివి వాళ్లకిచ్చి స్వామియే శరణం అనేసి మెట్రో ఎక్కుతాడు. నలభై ఒక్క రోజులు గడిచి మాల తీశాక మాత్రం దారి గీసే పని వాడిదే, కక్ష తీర్చుకుంటాడేమో తెలీదు, దొంగ గుర్తులు మరీ ఎక్కువ వేస్తాడు. ఆఫీసు పార్టీల్లో తాగనని ఒక్కమాట అంటే పదిమంది చుట్టూ చేరి బతిమాలతారు, ఇక్కడ ఎవరి గ్లాసులో ఏముందో చూసేవాడు లేడు. ఎందుకంటే అప్పటికి అందరి నోటా ఒకటే గొడవ, ఆ గేటు దగ్గర బాణం కుడికి చూపించిందా ఎడమకా అని.

బండి మీద రావడం మాత్రం నిషేధం. చట్టం లెక్కలో నూరు మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాలు ముప్పై మిల్లీగ్రాములు దాటితే బండి నడపడం నేరం, మోటారు వాహనాల చట్టం 185వ సెక్షను ప్రకారం మొదటిసారే పదివేల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదంటే రెండూ. ఆ లెక్కలు గుర్తుపెట్టుకుని గ్లాసులు కొలుచుకోవడం కంటే తాళాలు ఇంట్లో వదిలేసి రావడం తేలిక. 2023 అక్టోబరులో పర్పుల్ లైన్ కె.ఆర్.పురం మీదుగా వైట్‌ఫీల్డ్ దాకా మొత్తం కలిసింది, ఎం.జి.రోడ్డు స్టేషను పబ్బుల నుంచి నాలుగడుగుల దూరం. బ్రిగేడ్ రోడ్డులో కొత్త సంవత్సరం రాత్రి తూలుతూ బండెక్కేవాళ్ల మీద మీరు రాసింది నూటికి నూరు పాళ్లు ఒప్పుకుంటాను, ఇంకా గట్టిగా రాయండి. కానీ వాళ్లనూ, గుగ్గిళ్లు తిని మెట్రోలో ఇంటికి పోయే మమ్మల్నీ ఒకే ఫోటో కింద పెట్టకండి.

అసలు నన్నడిగితే ఈ ఊళ్లో పరుగుకు పట్టిన జబ్బు బీరు కాదు, టైమింగు. ఏ గుంపులో చేరినా ముందు కిలోమీటరు ఎన్ని నిమిషాల్లో అని అడుగుతారు, గడియారం కూస్తూ ఉంటుంది, పొద్దున్నే ఐదింటికి లేచి పరుగెత్తినవాళ్లు మధ్యాహ్నానికల్లా ఫోన్లో అందరికీ గ్రాఫులు పంపుతారు. పది కిలోమీటర్ల పోటీ పరుగుకు టైము కొలిచే చిప్ కట్టుకుని పోయినప్పుడు నా పక్కన పరుగెత్తిన మనిషి మొహం కూడా నేను చూడలేదు. పబ్బు దాకా పరుగెత్తేటప్పుడు ఆ గొడవ లేదు, ముందు పోయినవాడికి బహుమతి లేదు, బల్ల ఖాళీగా ఉందో లేదో చూసి మాకు పట్టిపెట్టే పని తప్ప. నాలుగు నెలలుగా మెసేజీలతోనే సరిపెట్టుకున్న స్నేహితురాలు పక్కన ఆయాసపడుతూ అత్తగారి ఆపరేషన్ సంగతి చెప్తూ పరుగెత్తుతుంది, చెప్పడం అయిపోయేదాకా మేమిద్దరం నడుస్తాం, ఎవరూ ఏమనరు.

మీ విలేకరి గారిని ఒకసారి రమ్మనండి, రాయాలనుకుంటే చూసి రాయొచ్చు. సాయంత్రం ఐదింటికి విగ్రహం దగ్గర, ఒంటిమీది బట్టలే చాలు, పొడి చొక్కా ఒకటి అదనంగా, బండి వద్దు. తాగకపోయినా ఫర్వాలేదు, పరుగెత్తలేకపోతే సంచుల దగ్గర కూర్చోవచ్చు. సంక్రాంతికి అందరం ఊళ్లకు పోతాం కాబట్టి ఆ వారం ఉండదు, అది తప్ప జనవరి ఆఖరు దాకా ఏ శనివారమైనా సరే.

ఇట్లు,
కె.ఆర్.పురం నుంచి ఒక పాఠకురాలు
బెంగళూరు