పేరు రాయొద్దన్న సుబేదార్ గారికి

పాపను నిన్న సాయంత్రం డిశ్చార్జ్ చేశారు. ప్లేట్‌లెట్లు లక్ష దాటాయి. రాత్రి నాలుగు ముద్దలు పెరుగన్నం తిని పడుకుంది. నాకే ఇంకా నిద్ర పట్టడం లేదు, అందుకే ఇప్పుడే రాస్తున్నాను. తప్పులుంటే మన్నించండి.

అత్తయ్య, మామయ్య, మా తమ్ముడు ఆస్పత్రి దగ్గరే ఉన్నారు. వాళ్ల గురించి వేరే చెప్పక్కర్లేదు.

చెప్పాల్సింది నంద్యాలలో ఆ ఆస్పత్రి డయాలసిస్ గది బయట కూర్చునే ఒక పెద్దాయన గురించి. రిటైర్డ్ సుబేదార్. పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. నేను ఫోన్ పట్టుకుని ఏడుస్తుంటే వచ్చి, ఎందుకేడుస్తున్నావని అడగలేదు. "మీ ఆయన ఆర్మీ నంబర్ చెప్పమ్మా, చివరి అక్షరంతో సహా" అన్నారు. నాకు నోటికి రాదు. డిపెండెంట్ కార్డు ఫొటో ఫోన్లో ఉంటే అందులో చూసి చెప్పాను.

మా ఆయన అప్పుడు లద్దాఖ్‌లో పోస్టు (సైన్యం కాపలా కాసే చోటు) మీద ఉన్నారు. అక్కడ మొబైల్ పలకదు. ఆయనే కిందికి దిగినప్పుడు చేస్తే మాట్లాడటం, లేదంటే లేదు. అలాంటి చోటికి కబురు వెళ్లాలంటే యూనిట్ ద్వారానే వెళ్లాలి. మనం చేసే తప్పు ఎక్కడంటే, ఏ నంబరో దొరకబుచ్చుకుని "మా శ్రీనుకి చెప్పండి" అంటాం. అక్కడ శ్రీను అంటే ఎవరికీ తెలియదు. మన ఇంటిపేరు అక్కడ వెనక్కి పోతుంది, పొడి అక్షరం విడిపోయి పెద్ద పేరవుతుంది, అందరూ 'రావు' అనో 'రెడ్డి' అనో పిలుస్తారు. ఒక కంపెనీలోనే ఇద్దరు ముగ్గురు రావులుంటారు. మనిషిని పట్టిచ్చేది నంబరే.

సుబేదార్ గారు జేబులోంచి వాళ్లావిడ ల్యాబ్ బిల్లు తీసి, దాని వెనక రాశారు. నీలం బాల్‌పెన్ను, అన్నీ విడివిడి పెద్దక్షరాలు. మొదటి వరుసలో నంబర్, ర్యాంక్, రికార్డులో ఉన్న పేరు, కంపెనీ. రెండో వరుసలో యూనిట్, కేరాఫ్ 56 ఏపీఓ (సైన్యం పోస్టాఫీసు నంబర్). తర్వాత పాప పేరు, వయసు, ఆస్పత్రి, వార్డు, బెడ్ నంబర్, డాక్టర్ పేరు, ఫోన్. ఆ కింద డాక్టర్ చెప్పిన జబ్బు ఒక్క మాటలో. ఆఖరున, యూనిట్ వాళ్లు ఫోన్ చేసి నిజమా కాదా కనుక్కోవడానికి మా సర్పంచ్ నంబర్, మా పోలీస్ స్టేషన్ నంబర్. "ఈ ఆఖరి వరుస లేకే చాలా కబుర్లు ఆగిపోతాయి తల్లీ. సెలవు ఇచ్చేది సీఓ సాబ్, అంటే యూనిట్‌కి పెద్ద ఆఫీసర్. ఆయన నమ్మడానికి ఏదో ఒకటి చేతిలో ఉండాలి కదా" అన్నారు.

తర్వాత డాక్టర్ దగ్గరికి నన్ను తీసుకెళ్లి లెటర్‌హెడ్ మీద, సీలు, రిజిస్ట్రేషన్ నంబర్‌తో సర్టిఫికెట్ రాయించారు. అందులో అత్యవసరంగా చేర్చుకున్నామన్న మాట స్పష్టంగా ఉండాలని పట్టుబట్టారు. ఆ మాట లేకపోతే రేపు ఆస్పత్రి ఖర్చు ఇప్పించమని ఆర్మీకి పెట్టే క్లెయిమ్ వెనక్కి వస్తుందట. మాకు దగ్గరి మిలిటరీ హాస్పిటల్ సికింద్రాబాద్‌లో, ఒక రాత్రి ప్రయాణం. ఆ పరిస్థితిలో పాపను అంత దూరం తీసుకెళ్లలేం. కాబట్టి బయట చేర్చిన సంగతి అక్కడికి ఆ రోజే తెలియజేయించారు. బిల్లులన్నీ ఒరిజినల్‌వే, ఏ మందు ఎంతో విడివిడిగా వేసినవి తీసుకోవాలని, డిశ్చార్జ్ సమ్మరీతో కలిపి రెండు జిరాక్స్ సెట్లు దగ్గర పెట్టుకోవాలని చెప్పారు. వచ్చేది సీజీహెచ్ఎస్ (కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం) రేటు ప్రకారమే, కట్టినదంతా రాదు, ముందే తెలుసుకో అన్నారు.

యూనిట్ రేర్ పార్టీకి, అంటే మిగతావాళ్లు ఫీల్డ్‌కు వెళ్లినా వెనక ఉండిపోయేవాళ్లకు, ఫోన్ చేసినప్పుడు ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. హిందీలో ఒక్కో అక్షరం విడదీసి నంబర్ చెప్పారు, అవతలి వాళ్ల చేత తిరిగి చెప్పించుకున్నారు, తీసుకున్నాయన పేరు, టైము ఆ బిల్లు మీదే రాశారు. ఇదంతా అయ్యేసరికి రెండు గంటలు పట్టింది. అంతసేపూ లోపల వాళ్లావిడ మిషన్ మీద ఉన్నారు. నర్సు వచ్చి "మిమ్మల్ని అడుగుతున్నారండీ" అని చెప్పేదాకా నాకు ఆ సంగతే తెలియదు. అది విన్నాక నాకు నోట మాట రాలేదు. ఇప్పటికీ తలుచుకుంటే గొంతు పట్టేస్తోంది.

కబురు మర్నాడే అందింది. కానీ అక్కడి నుంచి రావడం వేరే కథ. పోస్టు నుంచి బేస్‌కు నడక, అక్కడి నుంచి లేహ్, మబ్బు తెరిపిస్తేనే విమానం, చండీగఢ్‌లో ట్రాన్సిట్ క్యాంపు, తర్వాత రైలు. మా ఆయన ఎనిమిదో రోజుకు వచ్చారు. వచ్చేసరికి పాప లేచి కూర్చుంది.

ఒక్క బాధ చెప్పకుండా ఉండలేను. ఆ పెద్దాయన పది నిమిషాల్లో నేర్పింది, మగవాళ్లు ఫీల్డ్‌కు వెళ్లేముందు ప్రతి ఇంటికీ ఒక కాగితం మీద ఎందుకివ్వరు? 2020లో గల్వాన్‌లో చైనా వాళ్లతో ఘర్షణ జరిగాక తూర్పు లద్దాఖ్‌లో ఎంతమంది ఎన్ని చలికాలాలు గడిపారో అందరికీ తెలుసు. వాళ్ల ఇళ్లల్లో ఆడవాళ్లు ఏ ఆఫీసుకు వెళ్లినా "మీ ఆయన్ని రమ్మనండి" అనే మాటే. పాప పుట్టినట్టు పార్ట్ టూ ఆర్డర్ (ఇంటి వివరాలు ఆర్మీ రికార్డులో ఎక్కించేది) పడకపోతే కార్డులో పాప పేరే ఉండదు. మా పాపది పడింది, కానీ ఆధార్‌లో ఒక అక్షరం తేడా అని అడ్మిషన్ కౌంటర్‌లో గంట నిలబెట్టి, డిపాజిట్ కట్టాకే బెడ్ ఇచ్చారు. జ్వరంతో ఉన్న పిల్ల నా భుజం మీదే ఉంది. సైన్యంలో చేసేవాళ్లు ఎంతోమంది ఉన్న మిలిటరీ మాధవరంలాంటి ఊళ్లో అయితే ఇంటింటా తెలిసినవాళ్లుంటారు. మా గిద్దలూరు వైపు చిన్న పల్లెలో ఎవరిని అడగాలి?

జవాన్ల ఇళ్లవాళ్లు ఎవరైనా ఇది చదివితే, సెలవు అయిపోయి ఆయన బ్యాగు సర్దుకునే లోపే ఈ పనులు చేయించుకోండి. నంబర్, యూనిట్, రేర్ పార్టీ ఫోన్ కాగితం మీద రాసి గోడకు అంటించండి. జీతం పడే ఖాతాను ఇద్దరిలో ఎవరైనా తీసుకునేలా జాయింట్ చేయించండి. పొలం, ఇల్లు పనులకు మీ పేరున పవర్ ఆఫ్ అటార్నీ రాయించండి. ఎవరైనా కోర్టుకు లాగితే 1925 నాటి భారత సైనికుల వ్యాజ్యాల చట్టం ఒకటుంది. ఆయన హాజరు కాలేని చోట ఉన్నారని సర్టిఫికెట్ వస్తే కోర్టు కేసును ఆపుతుంది. ఇదీ సుబేదార్ గారే చెప్పారు. పిల్లల పేర్లు, మీ పేరు ఆధార్‌లోనూ ఆర్మీ రికార్డులోనూ అక్షరం అక్షరం సరిచూసుకోండి.

రక్తం ఇవ్వడానికి వచ్చిన డిగ్రీ కాలేజీ పిల్లలు నలుగురికి దండాలు. నల్లమల ఘాట్‌లో అర్ధరాత్రి వానలో తీసుకెళ్లిన అంబులెన్స్ అన్నకు కూడా. పక్క బెడ్ అక్క చార్జర్ నా దగ్గరే ఉండిపోయింది, అక్కా, పంపిస్తాను. అయ్యో, రాత్రి డ్యూటీ నర్సమ్మను మర్చిపోయాను. గంట గంటకూ పాప చేయి పట్టుకుని చల్లబడిందేమో చూసేది, జ్వరం తగ్గినప్పుడే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలని చెప్పింది ఆమే.

సుబేదార్ గారూ, మంగళవారం పాపను చూపించడానికి వస్తాం. అమ్మగారి డయాలసిస్ కూడా ఆ రోజే కదా. ఆ పూట క్యాంటీన్‌లో తినకండి. ఇద్దరికీ క్యారియర్ తెస్తున్నాను, అమ్మగారిది ఉప్పు తగ్గించి వేరేగా కడతాను.