గంజాం ఊసేదీ?

సంపాదకుల వారికి,

మండేలా జయంతి నాటి మీ వ్యాసం చదివాను. గాంధీగారిని రైల్లోంచి దించేసిన ఘట్టం మళ్లీ రాశారు, సంతోషం. మావాళ్ల ఊసే లేదు. 1860 నుంచి మద్రాసు రేవులో ఓడెక్కి దక్షిణాఫ్రికాలోని నాటాల్ చెరకు తోటలకు కూలికెళ్లినవాళ్లలో గంజాం, విశాఖపట్నం జిల్లాల తెలుగువాళ్లు ఎందరో ఉన్నారు. మా గంజాం అప్పటికి మద్రాసు ప్రెసిడెన్సీలోదే, ఒడిశాలో కలిసింది 1936లో.

అలా వెళ్లినవాళ్ల సంతతి నాటాల్‌లోని డర్బన్‌ నగరంలో, కేటో మేనర్‌ అనే పేటలో ఇళ్లు కట్టుకుంది, కూరగాయల మళ్లు వేసుకుంది. ఏ జాతివాళ్లు ఎక్కడుండాలో గీత గీసిన 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టం ఆ నేల తెల్లవాళ్లదని తేల్చి, వాళ్లను భారతీయులకు కేటాయించిన చాట్స్‌వర్త్‌కు తోలింది. నల్లవాళ్ల బతుకు ఇంకా ఘోరం. తిరగడానికి అనుమతి చూపే పాస్ పుస్తకం జేబులో లేకపోతే జైలే. అదేమని అడగడానికొచ్చిన జనం మీద 1960 మార్చి 21న షార్ప్‌విల్‌లో పోలీసులు కాల్పులు జరిపితే 69 మంది పోయారు.

ఆ వర్ణవివక్షకు నిరసనగా మన దేశం పెట్టిన నిషేధం వల్ల, 1978లో తీసుకున్న నా పాస్‌పోర్టు దక్షిణాఫ్రికాకు చెల్లేది కాదు. స్కూల్లో పిల్లలకు అది గర్వంగా చూపించేవాణ్ని (వెళ్లే స్తోమత ఎటూ లేదనుకోండి). ఆ సాయంత్రాలే మా వీధి చివర టీ కొట్టులో కొందరి గ్లాసులు విడిగా చూరులో ఉండేవి. నేను లోపల బల్ల మీద కూర్చుని తాగేవాణ్ని. ఒక్కనాడూ నోరు మెదపలేదు.

డర్బన్‌ తెలుగువాళ్ల మీద మీ ఆదివారం సంచికలో ఒక పేజీ ఇవ్వండి.

– ఓ రిటైర్డ్ తెలుగు మాస్టారు, బరంపురం, గంజాం జిల్లా