రాత్రి ఎక్కడ పడుకుంటావని అడగాలక్కా

ఫీనిక్స్, అమెరికా,
ఏప్రిల్ 12

అక్కా,

ఫోన్ చేస్తే నువ్వు డ్యూటీ హడావుడిలో ఉంటావు, నేనేమో సగం నిద్రలో ఉంటాను. అందుకే కూర్చుని రాస్తున్నాను. అమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయి? బావగారు పొద్దున్నే ఏటిగట్టు మీద నడుస్తున్నారా, మానేశారా?

మా క్లినిక్‌లో ఈ వారమే ఎండాకాలం పనులు మొదలుపెట్టాం. ఎండ ముదిరాక మొదలుపెడితే లాభం లేదని 2023లో తెలిసొచ్చింది. ఆ ఏడు ఇక్కడ వరసగా 31 రోజులు 43 డిగ్రీలు దాటింది. మా కౌంటీలో, అంటే మన జిల్లా లాంటి దానిలో, ఆ ఏడాది ఎండకు పోయినవాళ్లు 645 మంది. అందులో సగానికి దగ్గరగా ఇల్లు లేనివాళ్లే.

ఆ జులైలో ఒకాయన వచ్చాడు. అరవై దాటి ఉంటాయి, ఫ్లైఓవర్ కింద ఉంటాడు. షుగర్ ఎంతకీ దిగడం లేదు. సూదులు మానేశావా అంటే లేదన్నాడు. చొక్కా లోపల్నుంచి ఒక మేజోడు తీసి, అందులో దాచుకున్న ఇన్సులిన్ సీసా నా చేతిలో పెట్టాడు. అప్పుడే టీ పోసిన గ్లాసులా ఉందక్కా అది. చూడ్డానికి మందు మామూలుగానే ఉంది, కానీ ఆ వేడికి దాని బలం పోయింది. మేం అది కనిపెట్టకుండా డోసు పెంచేసి ఉంటే, తర్వాత కొత్త సీసాతో అంతే డోసు వేసుకుని షుగర్ పడిపోయి రోడ్డు మీదే పోయేవాడు. ఫ్రిజ్‌లో పెట్టుకోవాలని ఆయనకు ఎన్నిసార్లు చెప్పామో! ఏ ఫ్రిజ్‌లో పెడతాడు?

అప్పటినుంచి బీపీ చూడకముందే అందరినీ ఒక మాట అడుగుతున్నాం, రాత్రి ఎక్కడ పడుకుంటున్నారని. ఆ జవాబు చీటీలో పైనే రాస్తాం. ఎండ పెరిగే ముందు ఆ చీటీలు తీసి, నీరు దిగే మాత్రలు వాడేవాళ్లెవరో, చెమట పట్టనివ్వని మానసిక వ్యాధుల మందులు వాడేవాళ్లెవరో, మనసు కుదురుగా ఉంచే లిథియం మందు మీద ఉన్నదెవరో విడిగా రాసుకుంటాం. ఒంట్లో నీరు తగ్గితే లిథియం రక్తంలో పేరుకుపోతుంది, నీకు చెప్పక్కర్లేదు. మందు ఆపమని కాదు, వాళ్లని ముందే పిలిచి చూడాలని. ఇన్సులిన్‌కి తడిపి చుట్టుకునే సంచులు ఇస్తున్నాం. వాటిని చూస్తే నాయనమ్మ గుర్తొస్తుంది. కరెంటు పోయినప్పుడు ఇసక తడిపి, కొత్త కుండలో సీసా పెట్టేది కదా! ఇక్కడ గాలి పొడిగా ఉంటుంది కాబట్టి తడిగుడ్డ బాగా చల్లబరుస్తుంది. మన కోనసీమ ఉక్కలో అంత చల్లదనం రాదు. ఒంటి మీద చెమటే ఆరదు. అందుకే మన దగ్గర 40 డిగ్రీలున్నా మనిషి పడిపోతాడు.

ఇంకో సంగతి. పిలిచినా కొందరు రారు. ఎందుకని అడిగితే, సామాను ఎవరు చూస్తారు అంటారు. మూట వదిలి వస్తే తిరిగెళ్లేసరికి ఉండదు. క్లినిక్‌లో మూటలకో మూల ఇచ్చాక, పెంచుకున్న కుక్కనీ లోపలికి రానిచ్చాక, మనుషులు రావడం పెరిగింది. ఇంత చిన్న పని ఇన్నేళ్లు ఎందుకు చేయలేదా అని బాధేస్తుంది.

ఇదంతా నీకు ఎందుకు రాస్తున్నానంటే, 1996 నవంబరు తుఫాను నా మనసులోంచి పోవడం లేదు. ఆ రాత్రి మనమంతా బడి మేడ మీద ఉన్నాం. తెల్లారాక ఏ ఇంట్లో ఎంతమంది ఉన్నారో లెక్క చూసుకున్నారు. గుడి అరుగు మీద పడుకునే ముసలాయన్ని ఎవరూ లెక్క చూడలేదు. ఆయనకు ఇల్లే లేదు కదా! అమ్మ రోజూ అన్నం పెట్టేది. ఆయన పేరు మాత్రం మనలో ఎవరికీ తెలీదు. మళ్లీ కనబడలేదు.

ఇప్పుడు మన రేవులో, బస్టాండులో, గుడి దగ్గర పడుకునేవాళ్లు మీ పీహెచ్‌సీ లెక్కలో ఉన్నారా? ధవళేశ్వరం దగ్గర నీరు 11.75 అడుగులకు వస్తే మొదటి హెచ్చరిక ఇస్తారు, లంకల్లో మైకు తిరుగుతుంది. రేవులో పడుకున్నవాడికి అది వినపడ్డా ఎక్కడికి పోవాలో ఎవరు చెప్తారు? రోహిణి కార్తె రాకముందే నువ్వూ ఆశ వర్కర్లూ ఒక సాయంత్రం తిరిగి, పేర్లు, వాడే మందులు రాసుకోండి. టీబీ మాత్రలు వాడేవాళ్లుంటే వరదల ముందే ఎక్కువ రోజులకి ఇచ్చేలా డాక్టరుగారిని అడుగు. మధ్యలో ఆగితే ఆ జబ్బు మందుకు లొంగకుండా పోవచ్చు. మాత్రలు, మందుల పేర్లు రాసిన చీటీ నీళ్లు చొరని కవరులో పెట్టి మెడలో వేసుకోమను. వరద నీళ్లలో నడిచే మనిషికి పొడి గుడ్డ ఒకటి కూడా ఇవ్వు. రోజుల తరబడి నానిన కాళ్లు చీలి, అక్కణ్నుంచే రోగం ఎక్కుతుంది.

నువ్వు ఒక్కదానివే ఇంత పని ఎలా చేస్తావో నాకు తెలుసు. అయినా అడుగుతున్నాను. కవర్లకీ తువ్వాళ్లకీ అయ్యేది నేను పంపిస్తాను, బావగారికి చెప్పు.

ఆదివారం ఫోన్ చేస్తాను. గుడి అరుగు మీద ఇప్పుడెవరు పడుకుంటున్నారో కనుక్కుని, పేరుతో సహా చెప్పు.

నీ చెల్లి