కడుపు లేని గుర్రాలు

కాకినాడ,
నవంబరు 9

చి. బుజ్జమ్మకు నాన్న ఆశీస్సులు.

సముద్రపు గుర్రాలు పెంచుతానని నువ్వు అనగానే మీ అమ్మకి నీటిగుర్రం గుర్తొచ్చింది. "అంత జంతువుని అపార్ట్‌మెంట్‌లో ఎక్కడ పెడుతుందండీ" అని నా మీద పడింది. ఫోటో చూపించాక కుదుటపడింది. ఫోన్లో చెబితే సగమే వింటావు, అందుకే ఈ ఉత్తరం.

నువ్వు చూసిన తొట్టి బారుగా ఉంది గానీ ఎత్తు లేదు. వీటికి ఎత్తే ముఖ్యం. జత కట్టేటప్పుడు రెండూ నిలువుగా పైకి లేస్తాయి, అప్పుడే ఆడది గుడ్లని మగదాని సంచిలో పెడుతుంది. ఎత్తు చాలకపోతే గుడ్లు నేలపాలు. జంటకి 30 గ్యాలన్లు, ఎత్తు 18 అంగుళాలకి తగ్గకుండా చూడు. తోక చుట్టుకోవడానికి ప్లాస్టిక్ నాచైనా పెట్టు. ఒకసారి హార్బర్లో ట్రాలర్ దింపిన చెత్తచేపల కుప్పలో వేలెడంత గుర్రాన్ని చూశాను. చచ్చిపోయింది, అయినా తెగిన వల పోగుకి చుట్టిన తోక వదల్లేదు.

ఇక్కడైతే పెంచడం నేరం. 2001లో వన్యప్రాణి చట్టంలో పులి ఉన్న షెడ్యూల్లోనే వీటినీ చేర్చారు. మీ అమెరికాలో అడ్డు లేదంటున్నావు కాబట్టి సరే, కానీ ఫారంలో పుట్టినవే కొను. సముద్రంలో పట్టినవి చాలావరకు చచ్చిన మేత ముట్టవు, కళ్ళముందే చిక్కి చస్తాయి.

నాకు భయమల్లా విబ్రియో అనే బ్యాక్టీరియా గురించే. మా రొయ్యపిల్లల హేచరీలో ఒక రాత్రి కరెంటు పోయింది. టార్చి కోసం తడుముకుంటూ చూస్తే నాలుగో ట్యాంకు నీళ్ళు ఆకుపచ్చగా మెరుస్తున్నాయి. చెయ్యి పెట్టి కదిపితే వేళ్ళ చుట్టూ వెలుగు. ఎంత బాగుందో అనుకున్నాను, కొత్తలో కదా. తెల్లారేసరికి సీడంతా, అంటే రొయ్యపిల్లలన్నీ, అడుగున తెల్లగా పడి ఉంది. తప్పు నాదే, ముందురోజు మిగిలిన మేత సైఫన్ గొట్టంతో లాగెయ్యకుండా ఇంటికెళ్ళిపోయాను. గుర్రాల్ని చంపేవాటిలోనూ ఆ జాతి బ్యాక్టీరియాదే పెద్ద చెయ్యి. నీళ్ళు వేడెక్కితే దానికి పండగ. మేం రొయ్యపిల్లలకి 28 నుంచి 30 డిగ్రీలు ఉంచేవాళ్ళం, నువ్వు మాత్రం 23 దాటనివ్వకు. మీ లెక్కలో 74 ఫారెన్‌హీట్. తినగా మిగిలింది ఏ పూటకాపూట తీసెయ్.

మేత మైసిస్ అంటే నవ్వొచ్చింది. మాకు మైసిస్ అంటే జోయియా అనే దశ దాటి, ఇంకా పీఎల్ (పోస్ట్‌లార్వా, ఆ తర్వాతి దశ) కాని రొయ్యపిల్ల. మీకేమో ఐసుముక్కలో గడ్డకట్టిన వేరే చిన్న రొయ్య. ఏదైతేనేం, రోజుకి రెండు పూటలూ వెయ్యాలి. ఈ గుర్రాలకి కడుపు లేదమ్మా, పళ్ళూ లేవు. పీల్చింది పీల్చినట్టే పేగులోకి పోతుంది, నిలవ ఉండదు. సముద్రంలో అయితే రోజంతా తింటూనే ఉంటాయి. గోల్డ్‌ఫిష్‌లా రెండ్రోజులు వదిలేసి ఊరెళ్ళడం కుదరదు.

మగది ఈనితే వందల్లో పిల్లలు. వాటి మేతకి ఆర్టీమియా, అంటే ఉప్పునీటి బుల్లి రొయ్యల గుడ్లు, పొదిగించాలి. ఆ పని నాకొదిలెయ్, వీడియో కాల్లో చేయిస్తాను. మేం వాడిన డబ్బాల్లో చాలావాటి మీద మీ యూటాలోని గ్రేట్ సాల్ట్ లేక్ పేరే ఉండేది. గుడ్లు పొదిగాక నీళ్ళలోకి గాలి ఆపి పది నిమిషాలు ఆగితే పెంకులు పైకి తేలతాయి, నారింజరంగు పిల్లలు కిందికి దిగుతాయి. పెంకులు మాత్రం తొట్టిలోకి పోనివ్వకు.

సంక్రాంతికి మూడు వారాలు వస్తున్నావు. ఆ మూడు వారాలూ రెండు పూటలా మేతేసేదెవరు? పక్కింటి పిల్లాడంటావేమో, వద్దు. ఇప్పుడు నీళ్ళు పోసి, చిటికెడు మేత వేస్తూ తొట్టిని ఖాళీగానే నడిపించు. ఆ మేత కుళ్ళి పుట్టే విషాలు అమోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి రావడానికి ఎటూ నెలన్నర పడుతుంది. జంటని ఫిబ్రవరిలో తెచ్చుకో.

నీళ్ళ ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్ కొనకు. నాది బీరువాలో ఉంది, వచ్చినప్పుడు పట్టుకెళ్ళు. అద్దం మీద గీత పడింది గానీ సముద్రపు ఉప్పదనం 35 దగ్గర సరిగ్గానే చూపిస్తుంది.

నాన్న